ఇంగ్లిషు యాసలు, తెలుగు అక్షరాలు

ఇంగ్లిషు మాటను లండన్‌లో ఒక రకంగా, చికాగోలో ఒక రకంగా, వరంగల్‌లో మరో రకంగా పలుకుతారన్న సంగతి తెలుగు పాఠకులకు ఇప్పుడు కొత్తగా చెప్పనక్కరలేదు. అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకు, ఇంగ్లండ్‌లో చదువుకునే కూతురు, ఐఈఎల్‌టీఎస్ పరీక్షకు సిద్ధమవుతున్న మేనల్లుడు ఉన్న ఇళ్లు హనుమకొండ, కాజీపేట వీధుల్లో అరుదు కావు కనుక, ఉచ్చారణ గురించి పత్రికలు రాయడమూ, జనం ఆసక్తిగా చదవడమూ సహజమే. అయితే ఆ రాతల్లో చాలాభాగం చదివిన తరువాత కూడా ఏ ధ్వని ఎక్కడ ఎలా మారుతుందో పాఠకుడికి తెలియదు. ఫలానావారు ముక్కుతో మాట్లాడతారనీ, ఫలానావారు నాలుక తిప్పుతారనీ, మనవారు ఒత్తి పలుకుతారనీ మాత్రం తెలుస్తుంది. దీనికి రచయితల అశ్రద్ధ కొంత కారణమైనా, అంతకన్నా లోతైన కారణం లిపిలో ఉంది. ఇంగ్లిషు మాటను తెలుగు అక్షరాల్లో రాసిన క్షణంలోనే అది తెలుగువారి ఉచ్చారణలోకి మారిపోతుంది, ఆ తరువాత ఇతరుల ఉచ్చారణను దాని పక్కన పెట్టి చూపడానికి చోటు మిగలదు.

మంచం అన్న అర్థంలో వాడే ‘కాట్’, పట్టుకున్నాడన్న అర్థంలో వాడే ‘కాట్’ అనే రెండు ఇంగ్లిషు మాటలను పరిశీలిస్తే ఈ ఇబ్బంది స్పష్టమవుతుంది. లండన్ పరిసరాల్లో మొదటిదాని అచ్చు పొట్టిది, నాలుక బాగా కిందికి దిగి పెదవులు కొద్దిగా గుండ్రపడినప్పుడు పుట్టేది. రెండోదాని అచ్చు పొడుగుది, పెదవులు మరింత ముడుచుకుని ఓకారానికి దగ్గరగా వినిపించేది. కెనడాలోనూ, అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోనూ ఎక్కువమంది ఈ రెండు మాటలనూ ఒకే అచ్చుతో పలుకుతారు, ఉత్తర అమెరికా యాసలను విడదీసి చూపే ముఖ్యమైన గుర్తుల్లో ఇది ఒకటి. ఈ విషయాన్ని తెలుగులో ఉన్నదున్నట్టు రాయబోతే ‘కెనడావారు కాట్‌నూ కాట్‌నూ ఒకేలా పలుకుతారు’ అన్న వాక్యం తయారవుతుంది, చదివినవారు దాన్ని ముద్రణదోషం అనుకుంటారు. ద్రాక్షసారాయికి ‘వైన్’, ద్రాక్షతీగకు కూడా ‘వైన్’ అని రాయవలసి రావడంలో ఉన్న చిక్కూ ఇదే. చెప్పదలచుకున్న తేడా వాక్యం మొదలుకాకముందే లిపిలో కరిగిపోయింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి వరంగల్‌లోనే మంచి ప్రయోగశాల ఉంది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై, 2002లో నిట్‌గా మారిన విద్యాసంస్థలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల విద్యార్థులకు కేటాయించడం మొదటినుంచీ ఉన్న పద్ధతి కనుక, అక్కడి హాస్టళ్లలో భారతదేశపు ఇంగ్లిషులన్నీ ఒకే భోజనశాలలో వినిపిస్తాయి. తెలుగు విద్యార్థి ‘కాలేజి’, ‘డాక్టరు’, ‘ఆఫీసు’ అనే మాటలను మలయాళ విద్యార్థి ‘కోళేజ్’, ‘డోక్టర్’, ‘ఓఫీస్’ అంటాడు. బ్రిటిష్ ఉచ్చారణలో ఈ మూడు మాటల మొదటి అచ్చు ఆకారమూ కాదు, ఓకారమూ కాదు, ఆ రెండింటికీ నడుమ ఉండేది. తెలుగు, తమిళ భాషలు దానిని ఆకారంవైపు లాక్కున్నాయి, మలయాళం ఓకారంవైపు లాక్కుంది, హిందీవారు మాత్రం దేవనాగరిలో ఆకారం మీద అర్ధచంద్రాకారపు గుర్తు ఒకటి చేర్చి ఆ ధ్వనికి ప్రత్యేకమైన అక్షరమే కల్పించుకున్నారు. ఎవరి లిపి వారికి తమ ఉచ్చారణే అసలైనదని నమ్మకం కలిగిస్తుంది. మలయాళీ ‘కోళేజ్’ విని నవ్వే తెలుగువాడికి తన ‘కాలేజి’ కూడా అంతే దూరం జరిగిందని తోచకపోవడానికి కారణం ఇదే.

‘బ్యాంకు’, ‘బ్యాటు’, ‘ట్యాంకు’ అన్న రాతల్లో దీనికి భిన్నమైన స్థితి కనిపిస్తుంది. ఈ మాటల్లోని అచ్చు తెలుగుకు పరాయిది కాదు. ‘వచ్చాడు’, ‘చేశాడు’ అన్న క్రియల్లో రెండో అచ్చును శిష్టవ్యవహారంలో మాట్లాడేటప్పుడు ‘తాత’లోని ఆకారంలా పలకరు, నాలుక ముందుకు వచ్చి, దవడ బాగా దిగి, ఏకారానికీ ఆకారానికీ మధ్యస్థమైన ధ్వని వస్తుంది. నోటిలో ఉన్న ఈ అచ్చుకు లిపిలో గుర్తు లేదు. అందువల్ల తెలుగువారు క్రియల్లో ఆకారమే రాసి ఊరుకున్నారు, ఇంగ్లిషు మాటల్లో మాత్రం యవత్తును ఆసరా చేసుకున్నారు. ఆ యవత్తును యకారంగానే చదివే పాఠకుడు లేని హల్లును పలుకుతాడు. ఇంగ్లిషులోని ఈ ధ్వనిని వివరించదలచుకున్న రచయిత పలురకాల అక్షరాలతో కుస్తీ పట్టేకన్నా, ‘వచ్చాడు అన్నప్పుడు చా మీద వినిపించే అచ్చు’ అని ఒక్కమాట రాస్తే పాఠకుడు తన నోటితో తానే పరీక్షించుకుంటాడు.

లిపిని పూర్తిగా నిందించడం కూడా న్యాయం కాదు, ఎందుకంటే కొన్ని తేడాలను తెలుగు అక్షరాలు ఇంగ్లిషు అక్షరాలకన్నా చక్కగా చూపగలవు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నకార మకారాల ముందు ఎకారం ఇకారంగా మారి, ‘పెన్’ కూడా ‘పిన్’ అయిపోవడం చాలామంది మాటల్లో వినిపిస్తుంది. ఎ, ఇ రెండూ విడిగా ఉన్న తెలుగులో ఈ సంగతి చెప్పడానికి ఒక వాక్యం చాలు. ఐర్లండ్‌లో ‘థింక్’ అనే మాట మొదటి హల్లును చాలామంది ఊదకుండా నాలుకను పళ్లకు ఆనించి తకారంలా పలుకుతారని చెప్పాలంటే, త, ట రెండింటికీ ఒకటే అక్షరం ఉన్న ఇంగ్లిషువాడు పేజీలకు పేజీలు వివరించాలి, తెలుగు రచయితకు ‘తింక్’ అన్న రాత సరిపోతుంది. అమెరికావారి ‘వాటర్’ను తెలుగు పత్రికలు ‘వాడర్’ అని రాస్తుంటాయి కానీ, రెండు అచ్చుల నడుమ వారి నాలుక చేసే పని డకారానిది కాదు, నాలుక కొన ఒక్కసారి తట్టి వెనక్కి వచ్చే తెలుగు రకారానిది. ‘వారర్’ అని రాస్తే చూపుకు వింతగా ఉన్నా చెవికి దగ్గరగా ఉంటుంది.

ధ్వనిశాస్త్రజ్ఞులు ఈ సమస్యను నూటముప్పై ఏళ్లకు పైగా ఎదుర్కొంటున్నారు. 1886లో పారిస్‌లో ఏర్పడిన సంస్థ తరువాతి కాలంలో అంతర్జాతీయ ధ్వనిసంఘంగా పేరుపొంది, ఏ భాష ధ్వనినైనా ఒకే గుర్తుతో రాయగల ధ్వనిలిపిని రూపొందించింది. 1917లో డేనియల్ జోన్స్ వెలువరించిన ఇంగ్లిషు ఉచ్చారణ నిఘంటువు మొదలుకొని, ఈనాటి విద్యార్థి నిఘంటువుల వరకూ మాట పక్కన కనిపించే తలకిందులైన అక్షరాలూ, రెండక్షరాలు అతికినట్టున్న అచ్చులూ ఆ సంప్రదాయానివే. శాస్త్రానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. సాధారణ పత్రికలో మాత్రం దీనికి రెండు అవరోధాలున్నాయి: గుర్తులు తెలియని పాఠకుడు వాటిని దాటవేసి చదువుతాడు, తెలిసిన పాఠకుడు కూడా అది ఏ ఊరివారి ఉచ్చారణకు వేసిన గుర్తో అడగడం మరచిపోతాడు. జోన్స్ నిఘంటువు నమోదు చేసింది దక్షిణ ఇంగ్లండ్‌కు చెందిన, ఖరీదైన వసతి పాఠశాలల్లో చదువుకున్న కుటుంబాల ఉచ్చారణను. అది ఇంగ్లండ్ ప్రజలందరిదీ ఎన్నడూ కాదు.

సాధారణ రచయితకు ఎక్కువగా పనికివచ్చే ఉపాయాన్ని లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జాన్ వెల్స్ 1982లో మూడు సంపుటాలుగా వెలువడిన తన యాసల గ్రంథంలో ప్రవేశపెట్టాడు. ధ్వనికి గుర్తు వేసి దానినుంచి మొదలుపెట్టే బదులు, ఒకే అచ్చును పంచుకునే మాటలను ఒక గుంపుగా చేర్చి, ఆ గుంపుకు అందులోని ఒక మాటనే పేరుగా పెట్టడం ఆ పద్ధతి. ఇటువంటి గుంపులు 24 ఏర్పరచి, ఏ యాసలో పలికినా మరో మాటగా పొరబడే వీలు లేని తేలికపాటి మాటలను వాటికి పేర్లుగా ఎంచుకున్నాడు. ఆ తరువాత ఏ ఊరి యాసనైనా వర్ణించేటప్పుడు ‘ఈ గుంపు మాటలను ఇక్కడ ఇలా పలుకుతారు’ అని చెబితే చాలు, రచయిత సొంత ఉచ్చారణ మధ్యలోకి రాదు.

ఈ పద్ధతిని తెలుగు పాఠకుడి కోసం అతనికి తెలిసిన మాటలతోనే అమర్చుకోవచ్చు. తెలుగులో నీళ్ల ‘గ్లాసు’కు ఆకారం రాస్తారు, వంట ‘గ్యాసు’కు యవత్తు రాస్తారు. క్లాసు, పాసు, మాస్టారు అన్న మాటలు గ్లాసు గుంపులోవి. బ్యాగు, ట్యాంకు, మ్యాపు అన్నవి గ్యాసు గుంపులోవి. ఇంగ్లిషు రాతలో ఈ రెండు గుంపులకూ ఒకటే అక్షరం ఉండగా తెలుగువారు ఎందుకు విడదీశారంటే, వారికి ఇంగ్లిషు వచ్చింది దక్షిణ ఇంగ్లండ్ ఉచ్చారణను ప్రమాణంగా పెట్టుకున్న బడులనుంచి. గ్లాసు గుంపు అచ్చు పొడుగై వెనక్కి జరిగిన మార్పు ఇంగ్లండ్ దక్షిణ భాగంలోనే జరిగింది. మాంచెస్టర్‌లోనూ చికాగోలోనూ ఆ మార్పు రాలేదు కాబట్టి అక్కడ గ్లాసు, గ్యాసు ప్రాస కలుస్తాయి. ఇంగ్లండ్‌లో ఉత్తరాదినీ దక్షిణాదినీ వేరుచేసే అతి ప్రసిద్ధమైన తేడా ఇదే, దాన్ని వరంగల్ పాఠకుడికి చెప్పడానికి ఇంతకుమించి శాస్త్రం అక్కరలేదు. ‘డాన్సు’ అని కొందరూ ‘డ్యాన్సు’ అని కొందరూ రాయడం చూస్తే, తెలుగులో ఈ గుంపుల సరిహద్దు అన్నిచోట్లా గట్టిగా లేదని కూడా తెలుస్తుంది.

తేడాలన్నీ ఒకే జాతివి కావన్న విషయాన్ని వెల్స్ గ్రంథమే వివరంగా చూపింది, పత్రికా రచనలో తరచుగా గందరగోళం పుట్టేదీ ఇక్కడే. ఒక యాసలో రెండు ధ్వనులుగా ఉన్నవి మరో యాసలో ఒకటిగా కలిసిపోవడం ఒక జాతి. పైన చెప్పిన రెండు కాట్‌లూ, రెండు వైన్‌లూ అటువంటివి. ధ్వనుల లెక్క మారకుండా, ఒక్కొక్క ధ్వనిని నోటిలో తయారుచేసే తీరు మాత్రమే మారడం మరో జాతి: తెలుగువారు ‘టేబుల్’లోని మొదటి హల్లును నాలుకను వెనక్కి మడిచి మూర్ధన్యంగా పలుకుతారు, ఇంగ్లండ్‌వారు పైపళ్ల వెనుకనున్న చిగురుమీద నాలుకను ఆనించి, వెంట కొంచెం గాలి వదులుతారు, అయినా ఉభయులకూ అది ఒకే స్థానంలో నిలిచే ఒకే ధ్వని. ధ్వని ఉంది కానీ కొన్ని చోట్ల మాత్రమే వస్తుందనేది మూడో జాతి, ‘కారు’, ‘పార్కు’ మాటల్లోని రకారాన్ని దక్షిణ ఇంగ్లండ్‌లో వదిలేసి అమెరికాలో పలకడం దీనికి ఉదాహరణ. ‘స్కెడ్యూల్’ అనాలా ‘షెడ్యూల్’ అనాలా అన్న తగవులు ఒక్కొక్క మాటకు పరిమితమైనవి; జనం ఎక్కువగా వాదించుకునేది వీటి గురించే అయినా, యాసను అర్థం చేసుకోవడానికి అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడేవీ ఇవే.

ఈ నాలుగింటినీ కలిపేసి ‘తప్పు ఉచ్చారణ’ అన్న ఒకే పేరు పెట్టడం రచయితలు చేసే పెద్ద పొరపాటు. రకారం కథనే చూస్తే, దక్షిణ ఇంగ్లండ్‌లో దాన్ని పలికితే పల్లెటూరి లక్షణం అనుకుంటారు, న్యూయార్క్‌లో పలకకపోతే చదువు తక్కువ అనుకుంటారు. విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త 1962లో న్యూయార్క్‌లోని మూడు పెద్ద దుకాణాలకు వెళ్లి, నాలుగో అంతస్తులో దొరికే సరుకు ఎక్కడుందని గుమస్తాలను అడిగి, ‘ఫోర్త్ ఫ్లోర్’ అన్న జవాబులో రకారం వినిపిస్తుందో లేదో చూసుకున్నాడు. ఖరీదైన దుకాణంలో రకారం ఎక్కువగానూ, చవక దుకాణంలో తక్కువగానూ వినిపించింది. ధ్వనికి గౌరవం నోటినుంచి రాదు, పలికేవారి హోదానుంచి వస్తుందని ఈ చిన్న పరిశోధన తేల్చింది. థకారాన్ని పళ్లకు ఆనించి పలకడం ఐర్లండ్‌లో ముచ్చటైన యాస, తెలుగువాడి నోట తప్పు. ‘గోట్’లోని ఓకారాన్ని చివర ఉకారంవైపు జారనివ్వకుండా నిలకడగా పలకడం స్కాట్లండ్‌లో స్థానిక వైభవం, హనుమకొండలో శిక్షణ లోపం. తెలంగాణ పలుకుబడిని సినిమాలు దశాబ్దాలపాటు హాస్యగాళ్లకూ ప్రతినాయకులకూ కేటాయించడం చూసినవారికీ, హనుమకొండలోనే ఉండి జనం పలుకు కోసం జీవితమంతా వాదించిన కాళోజీ నారాయణరావు జన్మదినం సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకునేవారికీ ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు కానీ, అదే జాగ్రత్త ఇంగ్లిషు దగ్గరికి వచ్చేసరికి వారు కూడా మరచిపోవడం విచిత్రం. కాల్‌సెంటర్ శిక్షణల్లో వినిపించే ‘తటస్థ యాస’ అన్న మాటకు కూడా ధ్వనిశాస్త్రంలో అర్థం లేదు.

వరంగల్ ఇంగ్లిషును ఈ పద్ధతిలో వర్ణించబోతే సాక్ష్యాలు ప్రభుత్వ కార్యాలయాల బోర్డుల మీదే దొరుకుతాయి. తెలుగులో మాట మొదటి ఎకారానికి ముందు సన్నని యకారమూ, ఒకారానికి ముందు సన్నని వకారమూ పలుకులో చేరతాయి. పాతరాతల్లో ‘యెక్కడ’, ‘వొకటి’ అని కనిపించేది ఇందువల్లే. ఈ అలవాటు ఇంగ్లిషులోకి వెళ్లి ‘యెగ్’, ‘వోన్లీ’ అవుతుంది, అక్కడినుంచి తిరిగి తెలుగులోకి వచ్చి ‘ఎమ్మెల్యే’, ‘ఎమ్మార్వో’ అన్న మాటల్లో స్థిరపడింది. లకారం తరువాత యకారమూ, రకారం తరువాత వకారమూ ఇంగ్లిషు పొడి అక్షరాల్లో ఎక్కడా లేవు. అవి తెలుగు నోరు చేర్చినవి, శాసనసభ సభ్యుడి పేరులోనూ, మండల రెవెన్యూ అధికారి పేరులోనూ ముద్రణకు ఎక్కినవి. వకారం సంగతి ఊళ్ల పేర్లే చెబుతాయి. వరంగల్‌కూ వర్ధన్నపేటకూ ఇంగ్లిషులో పెదవులు గుండ్రపరచి పలికే అక్షరాన్ని వాడతారు, విజయవాడకు మొదట పైపళ్లు కింది పెదవిని తాకే అక్షరాన్నీ చివర గుండ్రటి అక్షరాన్నీ వాడతారు. తెలుగు వకారం మాత్రం అన్నిచోట్లా ఒకటే, పళ్లు పెదవికి దగ్గరగా వచ్చి రాపిడి లేకుండా తొలగిపోయేది.

ప్రాంతీయ చరిత్ర కూడా ఉచ్చారణలో పాలుపంచుకుంటుంది. నిజాం రాజ్యంలో బడి చదువు ఉర్దూలో సాగింది, 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పైచదువును కూడా ఉర్దూలోనే చెప్పింది. అదే కాలంలో మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలవారు పైచదువులు ఇంగ్లిషులో చదివారు. తెలుగు జకారంలో లేని ఊదుడు ధ్వని, ‘కాజీపేట’ను ఇంగ్లిషులో రాసేటప్పుడు జెడ్‌తో చూపించే ధ్వని, ఉర్దూ వినే ఇళ్లలో పెరిగినవారికి సహజంగా అలవడుతుంది. ఫకారం సంగతీ ఇంతే. ఇది తెలంగాణవారందరి లక్షణమని రాస్తే మళ్లీ తప్పే. ఉర్దూతో పరిచయం ఎంతన్నదాన్నిబట్టి ఒకే ఊరిలో ఇంటింటికీ మారుతుంది.

హైదరాబాదులో 1958లో నెలకొల్పిన కేంద్ర ఇంగ్లిషు విద్యాసంస్థ, అంటే ఈనాటి ఇఫ్లూ, భారతీయుల ఇంగ్లిషును లోపాల చిట్టాగా చూడడం మాని ఒక వ్యవస్థగా పరిశీలించింది. అక్కడి ఆచార్యుడు ఆర్. కె. బన్సల్ భారతీయుల ఇంగ్లిషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందన్న ప్రశ్నపై 1969లో ప్రచురించిన పరిశోధనలో ఊనికకు, అంటే మాటలో ఏ అక్షరాన్ని నొక్కి పలకాలన్న విషయానికి, గట్టి ప్రాధాన్యం ఇచ్చాడు. తెలుగులో ఊనిక మారితే మాట అర్థం మారదు. ఇంగ్లిషులో మారుతుంది, ‘రికార్డు’ అనేదాన్ని ముందు నొక్కితే నామవాచకం, వెనుక నొక్కితే క్రియ. వకారం, టకారం గురించి పుటలు నింపే వ్యాసాలు ఊనికను ఒక్క వాక్యంతో దాటిపోవడం చూస్తే, కంటికి కనిపించని దాని గురించి రాయడం ఎంత కష్టమో తెలుస్తుంది.

యాస గురించి స్పష్టంగా రాసినవారంతా ఎవరు, ఎక్కడ, ఏ మాటలో అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఇచ్చినవారే. లీడ్స్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఆర్టన్ నడిపిన ఇంగ్లండ్ మాండలిక సర్వే 1950 నుంచి 1961 వరకు 313 ఊళ్లు తిరిగి, ముఖ్యంగా ముసలి రైతులను 1300కు పైగా ప్రశ్నలు అడిగి జవాబులను ధ్వనిలిపిలో రాసుకుంది. దాదాపు ఆ కాలంలోనే భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు జిల్లాల్లో రైతుల మాటలను ఊరూరా సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో వెలువరించాడు. ఆర్టన్‌కు ధ్వని ముఖ్యం, కృష్ణమూర్తికి మాట ముఖ్యం, అయినా ఇద్దరి పుస్తకాల్లోనూ ఊరి పేరు లేని మాట విలువ లేనిదే.

తెలుగువారి ఇంగ్లిషుకు ఇటువంటి పని చేయదలచినవారికి ‘ఫస్టు’, ‘థర్డు’ అన్న మాటలు మంచి ఆరంభం. రెండింటిలోనూ ఇంగ్లిషు రాతలో రకారం ఉంది, తెలుగు మాత్రం మొదటిదానిలో వదిలేసి రెండోదానిలో నిలుపుకుంది. ఇంగ్లండ్‌వారి అలవాటే వచ్చిందనుకుంటే థర్డులోనూ పోవాలి, అమెరికావారి అలవాటనుకుంటే ఫస్టులోనూ ఉండాలి. నర్సు, పర్సు, కోర్సు, షర్టు, పార్టు అన్నిటిలోనూ రకారం నిలిచింది. అక్కడ రకారం పక్కన ఒక్క హల్లే ఉంది, ఫస్టులో సకార టకారాలు రెండూ ఉన్నాయి. మూడు హల్లులు వరసగా పడితే తెలుగు నోరు ఒకదాన్ని దింపుకుంటుందని ఈ మాటలు సూచిస్తున్నాయి. ‘బర్స్ట్’ వంటి మాటలను ములుగు, జనగామ, నర్సంపేటల్లో ఇంగ్లిషు మీడియంలో చదివినవారూ, తెలుగు మీడియంలో చదివినవారూ ఎలా పలుకుతారో విడివిడిగా రాసుకుంటే ఈ సూచన ఎంతవరకు నిలుస్తుందో తేలిపోతుంది.